తగులుబడి

మా అమ్మమ్మ బైబిలు ఇప్పుడు నా దగ్గరుంది. అట్ట ఊడిపోతే ఆవిడే గోనెసంచి కుట్టే దారంతో కుట్టుకుంది. చిన్నప్పుడు సెలవులకు మెదక్ వెళ్తే రాత్రి ప్రార్థనలో నాతోనే చదివించేది. అలా చదువుతూ లూకా 14లో ఒక మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోయేదాన్ని. గోపురం కట్టించాలనుకున్నవాడు ముందు కూర్చుని "తగులుబడి" లెక్కచూసుకోడా అని యేసు ప్రభువు అడుగుతాడు కదా, అక్కడ. నాకేమో ఆ గోపురం తగలబడిపోయిందని అర్థమయ్యేది. తగలబడిన గోపురానికి లెక్కలెందుకమ్మమ్మా అంటే ఆవిడ నవ్వి, తగలబడటం కాదే పిచ్చిదానా, ఎంత ఖర్చు తగులుతుందో అది, అంది. ఆ మాట ఇప్పుడు ఎవరి నోటా వినపడదు. నాకు నలభై దాటాక మాత్రం ఆ రెండు అర్థాలూ ఒకటే అయిన నెల ఒకటి మా ఇంటికి వచ్చింది. దాని గురించే రాద్దామని కూర్చున్నాను.

2024 నవంబర్‌లో మా చర్చి సంఘంలో గంట గోపురం కట్టాలని నిర్ణయించారు. ఏ సంఘమో చెప్పను, తప్పు వాళ్లది కాదు కాబట్టి చెప్పాల్సిన పనీ లేదు. ఆ ఆదివారం ఆరాధన చివర్లో ఎవరు ఎంత ఇవ్వగలరో చేతులెత్తమన్నారు. లక్ష అంటే ఇద్దరు ఎత్తారు, 75,000 అంటే ఒకరు. 50,000 అనగానే మగవాళ్ల వైపు మూడో వరసలో మా ఆయన చెయ్యి లేచింది. నేను ఆపలేదు సరికదా, వెనకాల కూర్చున్నావిడ నా భుజం తట్టి "దేవుడు మిమ్మల్ని దీవించాలమ్మా" అంటే లోపల ఎంత పొంగిపోయానో నాకే తెలుసు. ఆ పొంగుకి వెల ఎంతో నాలుగు నెలల తర్వాత తెలిసింది.

మా దగ్గర 50,000 లేవా అంటే ఉన్నాయి. అవి పిల్లలిద్దరి రెండో టర్మ్ ఫీజు కోసం పక్కన పెట్టినవి. వాటిని కానుకగా ఇచ్చేసి, ఫీజు క్రెడిట్ కార్డు మీద కట్టాం. దేవుడికి ముందు ఇచ్చాం, మిగతాది ఆయనే చూసుకుంటాడు అనుకున్నాం. ఇలా అనుకోవడం ఎంత తేలికో చూడండి, అప్పు చేసింది మేము, తీర్చే పని ఆయనకి.

ఆ క్రిస్మస్‌కి మెదక్ వెళ్లాం. అక్కడి చర్చి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబర్ 25న, అంటే సరిగ్గా నూరేళ్లు. జనం విపరీతం. పిల్లలకి ఆ 175 అడుగుల గోపురం చూపిస్తూ అమ్మమ్మ చెప్పిన కథే మళ్లీ చెప్పాను. కరువు రోజుల్లో ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ దొర ఊరికే ధర్మం చేయకుండా, 1914లో కట్టడం మొదలుపెట్టి, ఆకలితో వచ్చినవాళ్లకి అందులో పని ఇచ్చి తిండి పెట్టాడు. అమ్మమ్మ వాళ్ల నాన్న కూడా అక్కడ రాళ్లు మోశాడట. పదేళ్లు పట్టింది. మా చిన్నోడు తలెత్తి చూస్తూ "మన చర్చి గోపురం కూడా ఇంత ఉంటుందా మమ్మీ?" అన్నాడు. ఉండదు నాన్నా అన్నాను. ఆ గోపురం కింద నిలబడి కూడా నాకు వెలగలేదు. ఆ పనిలో ఎవరో ఒకరు కూర్చుని ఇవాళ ఎంతమంది వచ్చారు, ఎన్ని కుంచాల గింజలున్నాయి, రేపటికి సరిపోతాయా అని లెక్క చూసుకుని ఉండకపోతే పదేళ్లు ఎలా సాగేది?

మార్చిలో కార్డు స్టేట్‌మెంట్ వచ్చింది. 83,000 పైచిలుకు. నేను 60,000 ఉంటుందనుకున్నాను, ఆయన 55 అనుకున్నారు. ఇద్దరమూ ఆ స్టేట్‌మెంట్లు తెరిచి చూడలేదన్నమాట, మినిమం డ్యూ అని మెసేజ్ వస్తే ఆ నాలుగు వేలు కట్టేసి ఊపిరి పీల్చుకోవడం, అలా కట్టేశాక చేతిలో డబ్బు తగ్గితే ఆ వారం కిరాణా మళ్లీ కార్డు మీదే గీకడం.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక హాల్లో నేల మీద కూర్చున్నాం. పెద్దదాని పాత లెక్కల నోట్‌బుక్, సగం ఖాళీది, తీసుకున్నాను. పద్నాలుగేళ్ల కాపురంలో ఇద్దరం కూర్చుని మొత్తం రాయడం అదే మొదటిసారి అంటే నమ్ముతారా? ఆయన జీతం చేతికొచ్చేది 46,000. నేను దగ్గర్లోని ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతాను, నాకు 14,000. మొత్తం 60,000. హైదరాబాద్‌లోని ఆల్వాల్‌లో అద్దె 13,000, మెయింటెనెన్స్ వేరే. ఫీజులు నెలకి పంచితే తొమ్మిది వేల పైన. కిరాణా, కూరగాయలు 11,000. పాలు, కరెంటు, పెట్రోలు, అత్తయ్య మందులు, బండి ఈఎంఐ, నెలకి 5,000 చిట్టీ, 6,000 దశమభాగం, అంటే సంపాదనలో దేవుడికిచ్చే పదో వంతు. కూడితే 58,000. రెండు వేలు మిగలాలి. మిగలడం లేదు. ఎక్కడికి పోతోందో అని ఫోన్లలో యూపీఐ లెక్క తీశాం. 40, 120, 65, 210, 30... చాయ్, సమోసా, ఆటో, ఆదివారం ఆరాధన అయ్యాక ఐస్‌క్రీం, ఆకలేస్తోందని రాత్రి తెప్పించిన బిర్యానీ. ఆ ఒక్క నెలలో 8,640. నోట్లిచ్చి ఖర్చు పెడితే పర్సు పలచబడటం తెలుస్తుంది, స్కాన్ చేసేదానికి "టింగ్" అనే చప్పుడు తప్ప ఏమీ తెలియదు.

ఇక వడ్డీ. మా కార్డు మీద నెలకి మూడున్నర శాతం, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. 83,000 మీద లెక్కేస్తే నెలకి దాదాపు 3,400 గాల్లో కలిసిపోతున్నాయి. మన ఊళ్లలో వడ్డీ ఎలా చెప్పుకుంటారో తెలుసుగా, నూటికి రూపాయి, రెండు రూపాయలు, మూడు రూపాయలు అని. మా వైపు ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి తెచ్చారంటే "అయ్యో, అంత కష్టమొచ్చిందా" అని గుసగుసలాడుకుంటారు. ఆ మూడున్నర రూపాయల వడ్డీకే మేము దర్జాగా, ప్లాస్టిక్ కార్డు గీకి, పైగా రివార్డు పాయింట్లు వచ్చాయని మురిసిపోతూ తెచ్చుకున్నాం. అప్పుచేయువాడు అప్పిచ్చినవానికి దాసుడు అని సామెతల గ్రంథం 22లో ఉన్న మాట మా ఇంటి గోడ మీద క్యాలెండర్‌లో ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో. ఇంటికొచ్చి అరిచే వడ్డీ వ్యాపారి లేడు కాబట్టి మేము దాసులమని మాకు తెలియలేదు, అంతే.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ప్రార్థన చేద్దామా?" అన్నారు. నాకు కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. "చేద్దాం గానీ, ఏమని అడగాలండీ? ఇంకో 83,000 పంపించమనా?" అన్నాను. ఆ కోపంలోనే రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం గుర్తొచ్చింది. విధవరాలు, ఎలీషా, నూనెకుండ. ఆదివారపు బడి పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో ఆ కథ. ఎప్పుడు చెప్పినా నూనె ఆగకుండా వస్తూనే ఉంది అనే చోటే గొంతు పెంచి చెప్పేదాన్ని. ఆ రాత్రి మాత్రం వేరే చోట ఆగాను. అప్పులవాడు వచ్చి ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోతానంటున్నాడు అని ఆవిడ మొరపెట్టుకుంటే, ఎలీషా వెంటనే అద్భుతం చేయలేదు, ఓదార్పు మాట కూడా ఏమీ అనలేదు, నీ ఇంట్లో ఏముందో చెప్పు అన్నాడు. ఆవిడ ఏమీ లేదు అంది, ఒక్క నూనెకుండ తప్ప. ఆ "తప్ప" దగ్గర్నుంచే మొదలైంది కథంతా. చివర్లో కూడా నూనె అమ్మి ముందు అప్పు తీర్చు, మిగిలినదాంతో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. ఆ వరస చూడండి. అప్పు ముందు.

సరే, మా ఇంట్లో ఏముంది అని రాశాం. నా బంగారు గాజులు రెండు, పెళ్లికి అమ్మ పెట్టినవి, రెండు తులాలు, బీరువాలో చీరల కింద. పెళ్లిళ్లకి తప్ప తీయను. 22 నెలలుగా కడుతున్న రెండు లక్షల చిట్టీ. నాకు లెక్కలు చెప్పడం వచ్చు. ఇంతే.

ముందు చిట్టీ పాడేద్దామనుకున్నాం. కానీ ఆ నెల పాటలో 31,000 వదులుకుంటే గానీ మాకు వచ్చేలా లేదు, పైగా పాడుకున్నవాళ్లు మిగిలిన వాయిదాలకి ష్యూరిటీలు పెట్టాలి. ఇద్దరు జీతగాళ్ల సంతకాలు. ఎవరిని అడగాలి? ఆ సంతకం సంగతి కింద రాస్తాను, దానికీ ఒక కథ ఉంది. చిట్టీ మంచిదా చెడ్డదా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. రిజిస్టరైన చిట్టీ అయితే, చివరిదాకా పాడకుండా ఉండగలిగితే, మధ్యతరగతి వాళ్లకి అది బలవంతపు పొదుపు. నడిపేవాళ్ల కమీషన్ 2019 సవరణతో 5 శాతం నుంచి 7 దాకా పెంచుకునే వీలొచ్చింది కాబట్టి లాభం పెద్దగా ఉండదు, ఆ సంగతి తెలిసి కట్టాలి. పక్కింటావిడ నోటిమాట మీద నడిపే చిట్టీ మాత్రం, ఆవిడ ఎంత ప్రార్థనాపరురాలైనా సరే, వద్దు.

కాబట్టి గాజులు. బ్యాంకులో తాకట్టు పెట్టాం. అక్కడి అప్రైజర్ గాజుని రాయి మీద రుద్ది చూస్తుంటే నాకెందుకో ఎక్స్‌రే గదిలో ఉన్నట్టనిపించింది. ఇంకా ఎక్కువ వస్తుంది మేడమ్, తీసుకోండి అన్నారు. ఆ క్షణంలో ఫ్రిజ్ మార్చాలన్న ఆలోచన రాలేదంటే అబద్ధం చెప్పినట్టే. 85,000 చాలన్నాం. అక్కడ వడ్డీ నూటికి రూపాయి కూడా లేదు, నెలకి 700 చిల్లర. 3,400 ఎక్కడ, 700 ఎక్కడ. అదే రోజు కార్డు మొత్తం కట్టేసి, ఇంటికొచ్చి కత్తెరతో నాలుగు ముక్కలు చేశాను. ఒక ముక్క ఇప్పటికీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.

అప్పు మార్చాం గానీ తీర్చలేదు కదా. నెలనెలా అసలు ఎక్కడినుంచి కట్టాలి? జూన్‌లో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా లెక్కల ట్యూషన్ చెబుతానని పెట్టాను. ఆరుగురు వచ్చారు, తలకి 800. బోర్డు లేకపోతే మూడో ఫ్లోర్ వాళ్లు వాళ్లబ్బాయి చిన్నప్పటి బ్లాక్‌బోర్డు ఎరువిచ్చారు, ఒక మూల పగిలి ఉంటుంది. ఎలీషా ఆ విధవరాలితో ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు ఎరువు తెచ్చుకో అన్నాడు చూడండి, ఆ బోర్డు మెట్ల మీదుగా మోసుకొస్తుంటే అది గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

ఇప్పుడు అసలు గొడవ చెబుతాను. దశమభాగం.

నేను అన్నది: అప్పు తీరేదాకా ఆ 6,000 ఆపుదాం. ఆయన అన్నది: చచ్చినా ఆపను. అత్తయ్య మంచం మీద నుంచే, "దేవుడి సొమ్ము ముట్టుకోకూడదమ్మా, మా మామగారు కరువులో కూడా ముట్టుకోలేదు." నాలుగు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. మలాకీ 3 ఆయన పక్షం. పదియవ భాగం తెచ్చి నన్ను శోధించి చూడండి, ఆకాశపు వాకిండ్లు విప్పుతాను అని దేవుడే అన్నాడు కదా అని. నేను ద్వితీయోపదేశకాండం 14 తీశాను. ఆ అధ్యాయంలో పదో వంతును దేవుని సన్నిధిలో ఇంటిల్లిపాదీ తిని సంతోషించమని ఉంటుంది, మూడేళ్లకోసారి ఆ పంటను లేవీయులకీ పరదేశులకీ తండ్రిలేని పిల్లలకీ విధవరాళ్లకీ పెట్టమని ఉంటుంది. ఇన్నేళ్లలో దీని మీద ఒక్క ప్రసంగం నేను వినలేదు, అది వేరే విషయం.

చివరికి మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లాం. మేము చెప్పిందంతా విని ఆయన మా ఆయన్ని అడిగింది ఒకటే, "మీ అమ్మగారి కన్ను ఎలా ఉంది?"

అత్తయ్యకి కుడి కంట్లో శుక్లం ముదిరిందని 2024 అక్టోబర్‌లోనే డాక్టర్ చెప్పారు. ప్రైవేటులో 28,000 అన్నారు. క్రిస్మస్ అయ్యాక చూద్దాం అని మేమే వాయిదా వేశాం. ఆ తర్వాతి నెలలోనే చెయ్యెత్తి 50,000 చెప్పాం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు మేము. అత్తయ్య భూతద్దం పెట్టుకుని బైబిలు చదువుకుంటూ ఒక్క మాట అనలేదు. పైగా లెక్కలు రాసిన రాత్రి, పడుకుందనుకున్నాం గానీ అన్నీ వింటోంది, "నా కంటికిప్పుడేం తొందర లేదులేరా" అంది చీకట్లోంచి.

అయ్యగారు మార్కు సువార్త ఏడో అధ్యాయం తీసి మా ఆయనతోనే చదివించారు. తల్లిదండ్రులకి ఇవ్వాల్సింది "కొర్బాను", అంటే దేవుడికి అర్పించేశాం, అని చెప్పి వాళ్లకి ఏమీ చేయకుండా తప్పించుకునేవాళ్ల గురించి యేసు అన్న మాటలవి. చదువుతుంటే ఆయన గొంతు మధ్యలో ఆగిపోయింది. ఇంకేమీ ప్రసంగం చేయలేదు అయ్యగారు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు, మనసు సిద్ధంగా ఉంటే చాలు, లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే ఇచ్చింది ప్రీతికరం అన్నాడని మాత్రం చెప్పి, టీ తాగి వెళ్లండి అన్నారు.

అత్తయ్య ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రి సరోజినీ దేవిలో చేయించాం. ఆల్వాల్ నుంచి మెహదీపట్నం అంటే బస్సులు మారాలి, పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టుకుని ఇద్దరం ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్లకి ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని వెళ్లేవాళ్లం. లైన్లు పెద్దవే, రెండు మూడు సార్లు తిరగాలి, ఓపిక కావాలి. నల్లద్దాలు తీశాక ఆవిడ మొదట చూసింది నా మొహం. "ఇంత నల్లబడ్డావేమే" అంది.

దశమభాగం సంగతి, అప్పు తీరేదాకా 3,000 చేశాం. ఇది చదివి కొందరు నన్ను తిడతారని తెలుసు, తిట్టండి. ఉన్నదాంట్లోంచి ఇస్తున్నాం, అప్పులోంచి కాదు, ఆ తేడా మా మనసుకి తెలుస్తోంది. అత్తయ్య ఒప్పుకోలేదు గానీ ఆవిడే దానికి ఒక దారి వెతికింది. వాళ్ల చిన్నప్పటి పిడికెడు బియ్యం మళ్లీ మొదలుపెట్టింది. పూటపూటకీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పాత డాల్డా డబ్బాలో వేయడం. నెల తిరిగేసరికి నాలుగైదు కిలోలవుతాయి. మొదటి ఆదివారం ఆ సంచి పట్టుకుని, తిరిగొచ్చిన కన్నుతో మెట్లు చూసుకుంటూ, మా సంఘంలో ఒంటరిగా ఉండే ఒక ముసలావిడకి స్వయంగా ఇచ్చి వస్తుంది. నన్ను తోడు రానివ్వదు.

సంతకం కథ చెబుతానన్నాను కదా. పోయిన దసరా సెలవుల్లో మా ఆయన పెదనాన్న కొడుకు వచ్చాడు. చిట్టీ ఎత్తుకున్నాడు, ష్యూరిటీ కావాలి. "తమ్ముడూ, డబ్బు అడగట్లేదు కదరా, సంతకమే కదా." ఈ "సంతకమే కదా" అన్న మాట ఎన్ని ఇళ్లు కూల్చిందో. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీ ఉన్నవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. వాడు కట్టకపోతే నేరుగా నీ దగ్గరికే రావచ్చు. చట్టం సంగతి సరే, సామెతలు 6 ఇంకా గట్టిగా ఉంటుంది. చెలికాడి కోసం పూటపడ్డావా, అంటే హామీ ఉన్నావా, కళ్లకి నిద్ర రానివ్వకు, వేటగాడి చేతిలోంచి జింక తప్పించుకున్నట్టు తప్పించుకో అంటుంది. మా ఆయన మొహమాటస్తుడు. టీ గ్లాసు చేతిలో తిప్పుతూ, తిప్పుతూ, "అన్నయ్యా, నేను సంతకం పెట్టలేను. ఈ 5,000 ఉంచు, తిరిగి ఇవ్వక్కర్లేదు" అన్నారు. ఆ అన్నయ్య 5,000 తీసుకోలేదు, టీ కూడా సగంలో వదిలేసి వెళ్లాడు. ఆ క్రిస్మస్‌కి కేక్ పంపిస్తే తీసుకున్నారు గానీ ఫోన్ చేయలేదు. ఆ గాయం ఇంకా మానలేదు, మానుతుందో లేదో తెలియదు. కాదనడం సరైన పనే అయినా, బంధువుల్లో దాని తగులుబడి దానికీ ఉంది.

ఇంటి ఖర్చుల్లో మేము చేసిన మార్పులు పెద్ద విద్యలేమీ కావు. నెల మొదట్లో కూరగాయలకి, పాలకి, పెట్రోలుకి, చిల్లర ఖర్చులకి నోట్లు తీసి కవర్లలో పెట్టేస్తాను. కవర్లు కొనలేదు, చర్చిలో ఏటా ఇచ్చే కానుక కవర్లు మిగిలినవి డ్రాయర్ నిండా ఉన్నాయి. మొదటి నెల పాలబ్బాయికి కవర్‌తో సహా ఇచ్చేస్తే, దాని మీద పెద్ద అక్షరాలతో "కృతజ్ఞత కానుక" అని చదివి, "ఏంటక్కా, నాకు కానుకా?" అని తెగ సిగ్గుపడ్డాడు. శనివారం సాయంత్రం మోండా మార్కెట్‌కి వెళ్లి వారానికి సరిపడా కూరగాయలు, మూడు నెలలకోసారి కింది ఫ్లోర్ వాళ్లతో కలిసి బేగంబజార్‌లో పప్పులు, ఎండుమిర్చి. చిల్లర కవరు 3,000. అది అయిపోయాక బిర్యానీ లేదు, అంతే. రెండు నెలలు ఇరవయ్యో తారీఖుకే అయిపోయింది. మూడో నెల 27 దాకా వచ్చింది.

ఇన్సూరెన్స్ తీసుకోవడం అవిశ్వాసం అనేవాళ్లు మా సంఘంలోనూ ఉన్నారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. యోసేపు ఐగుప్తులో పంట బాగా పండిన ఏడేళ్లూ అయిదో వంతు తీసి కొట్లలో పోయించింది దేవుని మీద నమ్మకం లేకనా? మేము బ్యాంకులో ఫారం నింపి, ఏడాదికి 436 రూపాయల జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా, ఇద్దరం చేరాం. ఒక్కొక్కటి రెండు లక్షలకి. మేమంతా చివరిసారి తిన్న ఐస్‌క్రీం బిల్లు అంతకంటే ఎక్కువ. అది సరిపోతుందని కాదు, అప్పు తీరాక పెద్దది తీసుకోవాలి.

జీతం పెరిగితే అన్నీ సర్దుకుంటాయి అని నేనూ అనుకునేదాన్ని. ఆయనకి 2023లో 5,000 పెరిగింది, ఆ నెలలోనే బండి ఈఎంఐ వచ్చింది. మెదక్ ప్రాంతానికి సువార్త తెచ్చింది వెస్లియన్ మిషనరీలు, ఆ పేరుకి మూలమైన జాన్ వెస్లీ అనే బోధకుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ఒక కుర్రాడి గురించి చెప్పిన లెక్క ఒకటుంది. ఏడాదికి 30 పౌండ్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చేశాడు, 60 వచ్చినప్పుడూ 28తోనే బతికి 32 ఇచ్చాడు, 90 వచ్చినా 28, 120 వచ్చినా 28. ఆ కుర్రాడు వెస్లీయే అంటారు. మాకంత చేతకాదు, హైదరాబాద్‌లో ఇంటి ఓనరు ఏటా అద్దె పెంచుతుంటే 28 దగ్గర ఆగేది ఎవరు? కానీ ఈసారి ఇంక్రిమెంట్ వచ్చినప్పుడు, ఎంతొచ్చినా సరే, దాన్ని ముట్టుకోకుండా గాజుల అప్పుకి కట్టాలని ఇద్దరం అనుకున్నాం. నేను గుర్తుచేయకముందే ఆయనే నోట్‌బుక్‌లో రాసి గీత గీశారు.

గంట గోపురం అయిపోయింది. చిన్నదే, రెండంతస్తుల ఎత్తు. శిలాఫలకం మీద ఇచ్చినవాళ్ల పేర్లలో మా ఆయన పేరు ఏడోది. మొన్న ఆదివారం ఆయన దాని ముందు ఒక్క క్షణం ఆగి, చెప్పుల స్టాండ్ వైపు వెళ్లిపోయారు. గంట శబ్దం మాత్రం బాగుంటుంది.

గాజుల అప్పులో ఇంకా 19,000 ఉంది. ఈ నెల లెక్క రాద్దామని నిన్న రాత్రి నోట్‌బుక్ తెరిస్తే, నా రాతల కింద పెన్సిల్‌తో, వంకర అక్షరాలతో ఒక కొత్త లైను ఉంది. "ఐస్‌క్రీం 20. నేను వద్దన్నాను. మిగిలింది మమ్మీ నాకు ఇవ్వాలి."